స్టీరింగ్ మీద ఎవరి చెయ్యి

మూడేళ్ళ కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం, ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లోని నా షెడ్డు ముందుకు ఒక పాత జీపును ట్రాక్టరు వెనక కట్టి లాక్కొచ్చారు. దాని బంపరుకు పచ్చి మిరపకాయలూ నిమ్మకాయా గుచ్చిన దండ వేలాడుతోంది. నిమ్మకాయ తాజాగా ఉంది. దాని వెనక జానెడు దూరంలో, చక్రాలను తిప్పే రాడ్డు మాత్రం అరిగిపోయి, ఎవరో గ్యాసు మంటతో కాల్చి వంచిన గుర్తులతో నల్లబడి ఉంది. నిమ్మకాయను వారం వారం మారుస్తున్నారు. రాడ్డు సంగతి ఎవరికీ పట్టలేదు. ఈ దేశానికి పట్టిన జబ్బును ఒక్క బొమ్మలో గీసి చూపమంటే నేను ఆ బంపరునే గీస్తాను.

అయినా ఇది ఆ జబ్బును తిట్టడానికి రాస్తున్నది కాదు. తిట్టడం నాకు కొత్తా కాదు, కష్టమూ కాదు. ఆ జీపు వెంట నా షెడ్డులోకి వచ్చిన ఒక ముసలావిడకు కృతజ్ఞత చెప్పుకోవడానికి రాస్తున్నాను.

నేను రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ పట్టాల పనిలో చేరాడు. నేను ట్రాఫిక్ కాలనీలో పుట్టి పెరిగాను. ఉద్యోగం అయిపోయాక, స్టీరింగు, సస్పెన్షన్ పనులు మాత్రమే చేసే చిన్న షెడ్డు పెట్టుకున్నాను. ఆదివారం సాయంత్రాలు కాలనీ రీడింగ్ రూములో చర్చలు. వితంతు వివాహం, కులం, చేతబడి, వాస్తు, ఏది దొరికితే దాని మీద కొట్టుకునేవాళ్ళం. అవతలివాడు వాక్యం పూర్తిచేసేలోపు మన జవాబు సిద్ధంగా ఉండాలి, అదీ అక్కడి శిక్షణ. ఆ శిక్షణ నాకు బాగానే వంటబట్టింది.

జీపు వెంట ముగ్గురు వచ్చారు. ముందు భాస్కర్ దిగాడు. ముప్పై దాటిన మనిషి, ముఖం నిండా విసుగు.

"మేస్త్రీ, రిపేరు అక్కర్నేదు. తుక్కుకి ఏసీడానికి ముందు ఇందులో పనికొచ్చే సామాను ఏటుందో సూసి సెప్పు, సాలు" అన్నాడు.

"తుక్కుకి ఎవులు ఏస్తారు? నాను ఒప్పుకున్నానా?" వెనక నుంచి వచ్చిన అమ్మాయి అంది. పేరు సుజాత. భాస్కర్‌కు వదిన. మోచేతికి కట్టు ఉంది.

మూడో మనిషి, వాళ్ళిద్దరికీ పెద్దదిక్కు, అప్పయ్యమ్మ. భాస్కర్ తల్లి, సుజాత అత్తగారు. ఆవిడ జీపు బానెట్ మీద చెయ్యి వేసి, ఎండలో పశువును నిమిరినట్టు నిమురుతూ నిలబడింది.

కథ సుజాత చెప్పింది. జీపు ఆమె భర్త త్రినాథ్‌ది. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని చేసేవాడు. పాత జీపుల పిచ్చి. ఝార్‌గ్రామ్ వైపు ఎర్రమట్టి అడవి దారుల్లో తిరగడానికని దీన్ని వేలంలో కొని, తన చేత్తోనే లిఫ్ట్ చేశాడు. లిఫ్ట్ చేయడమంటే, వంపు ఎక్కువున్న పొడవాటి కమాను కట్టలు, అంటే స్ప్రింగులు, వేసి బండి ఒళ్ళంతా పైకి లేపడం. పెద్ద టైర్లు పడతాయి, రాళ్ళు కింద తగలవు. రెండేళ్ళు సరదాగా తిరిగాడు. తర్వాత ఒక ఉదయం గుండె ఆగి, ఇంట్లోనే పోయాడు.

సుజాతకు వంట తెలుసు, డ్రైవింగు త్రినాథే నేర్పాడు. ఇండస్ట్రియల్ పార్కులో రెండు ఫ్యాక్టరీల కార్మికులకు మధ్యాహ్నం భోజనం పంపే పని పట్టింది. అత్తాకోడళ్ళు తెల్లారి లేచి అన్నం, పప్పు, సాంబారు వండుతారు. గిన్నెలు జీపులో వేసుకుని సుజాత తీసుకెళుతుంది. ఇల్లు గడుస్తున్నది దాని మీదే. అయితే పార్కుకు వెళ్ళే దారిలో ఒక కల్వర్టు ఉంది. అక్కడ బండి తనంతట తను ఎడమకు పోతోంది. ఒకసారి సాంబారంతా ఒలికింది. ఇంకోసారి పక్కనున్న సైకిలు మనిషి అంగుళంలో తప్పించుకున్నాడు. ముందురోజు తిన్నగా గుంటలోకి దిగింది, మోచెయ్యి చీరుకుంది. వానలు పడేలోపు బండి బాగుపడకపోతే భోజనం ఇంకొకరికి ఇస్తామని ఫ్యాక్టరీవాళ్ళు చెప్పేశారు.

"అద్దె ఆటో పెట్టుకోవచ్చు గదా?" అన్నాను.

"అద్దె ఆటో వచ్చిందంతా తినీసి మాకు గంజి మిగులుస్తాది బాబాయ్" అంది సుజాత.

భాస్కర్ అందుకున్నాడు. "నాలుగు సోట్ల ఎలైన్‌మెంటు సేయించినాను. ఒకడు రాడ్డు కాల్సి వంచినాడు. ఒకడు దండ కట్టమన్నాడు. ఏటీ అవనేదు. వీధిలో ఏటంటున్నారో తెలుసా? మొగుడి సీట్లో ముండమోపి కూకుంటే బండి ఊరుకుంటాదా అని. నాకు ఆ మాటలతో పని నేదు. అన్నయ్య ఎల్లిపోనాడు. రేపు వదిన కూడా ఆ గుంటలో పడి పోతే అమ్మని సూసీదెవులు?"

అతని కోపం కింద భయం ఉంది. నా కోపం మాత్రం ఆ వీధి మాట మీదికి ఎగిరింది. నేను నోరు తెరిచేలోపు అప్పయ్యమ్మ నోరు తెరిచింది.

"ఆ మాటన్నోళ్ళ నోట్లో మన్నెయ్య! నా కోడల్ది తప్పేటి? లాగుతున్నది నా కొడుకు. ఆడికి ఇంకా బండి మీద మనసు సావనేదు."

సుజాత తల దించుకుంది. ఆ మాట ఆమెకు కొత్త కాదని అర్థమైంది. తర్వాత భాస్కర్ చెప్పాడు, ఆ కల్వర్టు పక్కన ఎవరో ఒక రాయి నిలబెట్టి సిందూరం పూశారట. వచ్చేపోయే లారీలవాళ్ళు అగరొత్తులు కూడా గుచ్చుతున్నారట. అప్పయ్యమ్మ ప్రతి అమావాస్యకూ అక్కడికి వెళ్ళి కొడుకుతో మాట్లాడి వస్తోంది. ఒక గుడి ఎలా పుడుతుందో పుస్తకాల్లో చదివినవాణ్ణి నేను. ఇప్పుడు మా ఊరి రోడ్డు పక్కనే ఒక గుడికి పురిటి నొప్పులు మొదలయ్యాయి!

నా నాలుక మీద జవాబు సిద్ధంగానే ఉంది. ఆత్మకు బరువు లేదు, బరువు లేనిది ఉక్కును లాగలేదు, వగైరా. రీడింగ్ రూములో ఇలాంటి జవాబుకు చప్పట్లు పడతాయి. అప్పయ్యమ్మ ఇంకొక వాక్యం అనకపోతే అది అనేసి ఉండేవాణ్ణి.

"కల్వర్టు దిగీసరికి ముందు సక్రాలు గతుకెక్కి, బండి మూతి కిందకి అణుగుతాది సూడు, సరిగ్గా అప్పుడు లాగుతాడు. అణిగితేనే. ఎప్పుడు సూసినా ఎడమేపే."

నేను ఆగిపోయాను. ఆ వాక్యంలోంచి కొడుకును పక్కన పెడితే మిగిలేదేమిటి? స్ప్రింగు అణిగినప్పుడు మాత్రమే, ప్రతిసారీ ఎడమ వైపు. నాలుగు చోట్ల నిలబెట్టి ఎలైన్‌మెంటు చేసిన మెకానిక్కులు ఒక్కరూ చెప్పలేని రోగలక్షణం అది. నిలబెట్టిన బండిలో స్ప్రింగు అణగదు మరి. ఈవిడ ఆ బండిలో కోడలి పక్కన కూర్చుని, కొడుకు కోసం, ప్రతి కదలికనూ కనిపెట్టి ఉంది. కారణం తప్పు చెబుతోంది కానీ, చూసింది మాత్రం నూటికి నూరుపాళ్ళు చూసింది.

స్టూలు తెచ్చి వేశాను. "కూకో అక్కా. అక్కడొక్క సోటేనా, ఇంకెక్కడైనా లాగుతాదా?"

"రైలు గేటు కాడ కొంచెం. ఫ్యాక్టరీ ముందర గొయ్యి కాడ ఇంకొంచెం."

"అంటే మీ త్రినాథ్ మూడు సోట్లా నిలబడుతున్నాడా?"

"ఏటి మిస్తిరీ, ఏళాకోళమా? ఆడు రైల్వేవోడి కొడుకు. ఎక్కడ డ్యూటీ ఏసినా సేత్తాడు."

భాస్కర్ కూడా నవ్వాడు. ఆ రౌండు ఆవిడదే. నేను కూడా నవ్వి, ఇంకో వైపు నుంచి అడిగాను.

"త్రినాథ్ ఉన్నప్పుడు ఈ బండెక్కినావా అక్కా?"

"ఎందుకెక్కనేదు? మాతా పూజకి అమ్మోరి పసుపు నీళ్ళ బిందెలు ఇందులోనే అట్టుకెల్లినాం. నానే ముందర కూకునేదాన్ని."

"కల్వర్టు మీదుగా ఎల్లినారా?"

"ఎల్లినాం. ఆడు 'అమ్మా, పట్టుకో' అనీవోడు. అని, ఇలగ..." ఆవిడ రెండు చేతులూ గాలిలోకి ఎత్తి స్టీరింగు పట్టుకుంది. కుడి మోచెయ్యి కిందికి లాగింది. భుజం బిగించింది. పళ్ళు బిగబట్టి, పెదాల చివర కొంటెగా నవ్వింది. ఒక్క క్షణం ఆ స్టూలు మీద కూర్చున్నది ఆవిడ కాదు, ఆవిడ కొడుకు. సుజాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అవునత్తా. అచ్చం అలాగే. నాకు డ్రైవింగు నేర్పినప్పుడు కూడా, ఇక్కడ గట్టిగా పట్టు అనీవోడు. ఎందుకో సెప్పనేదు."

నేను మెల్లిగా, ఆవిడ మాటలోనే అడిగాను.

"కుడేపు అంత బలంగా ఎందుకు లాగీవోడక్కా? ఎడమేపు ఏదో లాగుతుంటేనే గదా? అప్పుడు త్రినాథ్ బతికే ఉన్నాడు. స్టీరింగు ఆడి సేతిలోనే ఉంది. మరి అప్పుడు ఎవులు లాగినారు?"

ఆవిడ చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి. వాటి వంక చూసుకుంది. ఎన్నో చర్చల్లో ఎదుటివాళ్ళను నిరుత్తరులను చేశాను. ఇది వేరు. ఇక్కడ ఓడిపోయినవాళ్ళెవరూ లేరు. ఒక తల్లి తన జ్ఞాపకాన్ని తానే పరీక్షకు పెట్టుకుంటోంది.

నమ్మమని నేను అడగదలచుకోలేదు. చూపించదలచుకున్నాను. ముందు చక్రాల కింద గ్రీజు పూసిన ఇనప రేకులు పెట్టాను, టైరు నేలను పట్టుకోకుండా తేలిగ్గా తిరగడానికి. నా తువ్వాలుతో స్టీరింగును సీటు కడ్డీకి కట్టి, ముడి అప్పయ్యమ్మ చేతే బిగింపించాను. జాకీతో ఛాసిస్‌ను, అంటే బండి ఉక్కు చట్రాన్ని, పైకి లేపి, టైర్ల పక్కన నేల మీద సుద్దతో గీతలు గీశాను. తర్వాత జాకీని మెల్లమెల్లగా దించాను. బండి ఒళ్ళు దిగుతున్నకొద్దీ స్ప్రింగు అణుగుతోంది. అణుగుతున్నకొద్దీ రెండు ముందు టైర్లూ గీతలను వదిలి ఎడమకు తిరిగాయి. స్టీరింగు మీద తువ్వాలు తప్ప ఎవరి చెయ్యీ లేదు.

"ఇంకోసారి సెయ్యి" అంది అప్పయ్యమ్మ. చేశాను. "ఇంకోసారి." మళ్ళీ చేశాను. నాకంటే పట్టుదలగల హేతువాది!

ఈ పని తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. మన చేతిలోని చక్రానికీ రోడ్డు మీది చక్రాలకూ మధ్య ఉన్న రాడ్లు, కీళ్ళు అన్నిటినీ కలిపి స్టీరింగ్ లింకేజ్ అంటాం. ఈ పాత జీపుల్లో స్టీరింగ్ బాక్సు నుంచి ఒక రాడ్డు, ఛాసిస్ మధ్యలో మోచెయ్యిలా వంగి ఉండే బెల్ క్రాంక్ అనే ముక్కకు వెళుతుంది. అక్కడి నుంచి ఇంకో రాడ్డు చక్రానికి. ఛాసిస్‌ను పైకి లేపితే బెల్ క్రాంక్ కూడా పైకి లేస్తుంది, చక్రం కిందే ఉంటుంది. దాంతో ఆ రెండో రాడ్డు గోడకు ఆనించిన నిచ్చెనలా వాలిపోతుంది. నిచ్చెన తల కిందికి జారితే దాని కాళ్ళు ముందుకు తన్నుకొస్తాయి కదా. స్ప్రింగు అణిగినప్పుడు ఈ రాడ్డూ అంతే, చివరతో చక్రాన్ని పక్కకు తోస్తుంది. దీని పేరు బంప్ స్టీర్. మిరపకాయకు ఈ సంగతి తెలియదు.

"అయితే మావోడు అక్కడ లేడు" అంది అప్పయ్యమ్మ చివరికి.

ఈ ఒక్క మాట కోసమే కదా ఇంతసేపూ శ్రమపడ్డాను. అన్నాక మాత్రం నాకు గెలిచినట్టు అనిపించలేదు. అమావాస్యకోసారి కొడుకుతో మాట్లాడుకునే చోటు ఆవిడకు పోయింది. నిజం చెప్పినవాడు ఆ తర్వాత చేతులు దులుపుకుని ఇంటికి పోవచ్చా? రీడింగ్ రూములో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు, నేనూ వేయలేదు.

అబద్ధం చెప్పలేను. నిజంలోనే ఇంకేమైనా ఉందేమోనని వెతికాను. బండి కింద చాప పరిచి, "అక్కా, కష్టమవకపోతే ఇలగ ఒంగి సూడు" అన్నాను. డెబ్బై దాటిన మనిషి, చీర కుచ్చెళ్ళు దోపుకుని కూర్చుని తల వంచి చూసింది. టార్చి వేసి చూపించాను.

"లేడక్కా, కల్వర్టు కాడ లేడు. ఇదిగో ఈ యూ బోల్టులు సూడు, కమాను కట్టని ఇరుసుకి బిగించేవి. నాలుగూ ఒక్క మట్టంగా బిగించినాడు. మట్టి దారుల్లో రెండేళ్ళు తిప్పినా ఒక్కటి కదలనేదు. కమాను కొసల్ని ఛాసిస్‌కి తగిలించే ఈ సంకెలు ముక్కల అంచులు సూడు, సెయ్యి కోసుకోకుండా ఆకురాయితో అరగదీసినాడు. కిందన ఎవులు సూస్తారని ఊరుకోనేదు. బండి ఎత్తడం ఇంత సుబ్బరంగా సేసినోడు, స్టీరింగు కూడా మార్సాలనే అనుకునుంటాడు. టైము దొరకనేదు. నీ కొడుకు సెయ్యి ఎక్కడుందీ అంటే ఇక్కడుంది."

ఆవిడ చెయ్యి చాపి ఆ బోల్టు తలను తడిమింది. వేలికి గ్రీజు అంటింది. తుడుచుకోలేదు.

"ఆడు ఒదిలిన పని నువ్వు సెయ్యి, తమ్ముడూ" అంది. అప్పటిదాకా నేను ఆవిడకు మిస్తిరీని.

భాస్కర్ మళ్ళీ తుక్కు మాట ఎత్తలేదు. సుజాత మాత్రం, "వానల్లోపు అవుతాదా బాబాయ్?" అని అడిగింది. అవుతుందన్నాను. అని, వెంటనే నిమాయ్ దా దగ్గరికి వెళ్ళాను. దా అంటే బెంగాలీలో అన్న. ఆయన లేతు పని చేసే బెంగాలీ, మా వీధి చివరే దుకాణం. మా మధ్య పుట్టి పెరిగి సగం తెలుగు మాట్లాడతాడు.

చేయాల్సిన పని ఇదీ. బెల్ క్రాంక్‌ను పూర్తిగా తీసేయాలి. కొత్త స్టీరింగ్ బాక్సును కుడి పక్క ఛాసిస్ మీద ముందుకు బిగించాలి. దాని నుంచి ఒకే ఒక పొడవాటి రాడ్డు, డ్రాగ్ లింక్, ఎడమ చక్రం దాకా అడ్డంగా వెళ్ళాలి, ఇరుసుకు వీలైనంత సమాంతరంగా. అలా ఉండాలంటే చక్రం వైపు కొస కూడా పైకి లేవాలి. అందుకు ఎడమ చక్రం మీద ఎత్తుగా కూర్చునే కొత్త స్టీరింగ్ ఆర్మ్ కావాలి. రెండు చక్రాలను కలిపే టై రాడ్‌కు మందపాటి గొట్టం కావాలి. రాడ్డు బల్లపరుపుగా ఉంటే, స్ప్రింగు అణిగినా లేచినా దాని కొస పక్కకు తోసేది దాదాపు ఉండదు.

నిమాయ్ దా పాత ఆర్మ్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "దాదా, దీన్నే గరమ్ చేసి పైకి మోడ్చేద్దాం. అందరూ అదే చేస్తారు."

"అందరూ చేస్తారు గనకే అడ్డంగా ఇరుగుతున్నాయి. స్టీరింగు ముక్కని మంటలో పెట్టనివ్వను. కాల్చి వంచిన ఉక్కు లోపల బలం పోతాది. పైకి కనబడదు."

"నీ సంగతి నాకు తెలుసు గా! దేవుణ్ణి నమ్మవు, ఉక్కుని కూడా నమ్మవు."

"ఉక్కుని పరీక్ష చేసి నమ్ముతాను. దేవుణ్ణి కూడా పట్టుకురా, పరీక్ష చేస్తాను."

"ఠీక్ ఆఛే, ఠీక్ ఆఛే" అని నవ్వుతూ సాగగొట్టిన ఉక్కు దిమ్మ ఒకటి తీశాడు. ఆ దిమ్మ నుంచే ఆర్మ్‌ను చెక్కాడు. నేను డై పెనెట్రెంట్ పరీక్ష చేశాను. ఎర్ర రంగు ద్రవం పూసి, తుడిచి, పైన తెల్ల పొడి చల్లితే, కంటికి కనబడని పగులు ఉన్నచోట ఎర్ర గీత తేలుతుంది. తేలలేదు. రాడ్డు చివరి కీళ్ళు కూర్చునే రంధ్రాలు కొంచెం కొంచెంగా సన్నబడుతూ పోవాలి, దాన్ని టేపర్ అంటాం. కీలు కాడకు నీలం రంగు పూసి లోపల పెట్టి తీస్తే, ఆ నీలం రంధ్రం గోడకు అంతటా సమంగా అంటుకోవాలి. మొదటిసారి ఒక పక్కే అంటింది. నిమాయ్ దా గొణుక్కుంటూ మళ్ళీ రంధ్రాన్ని ఒరిసే రీమర్‌ను ఆడించాడు. అంతటా అంటేదాకా నేను వదల్లేదు.

ఈ పనంతా సుజాత వచ్చి చూసేది. భోజనాలు ఆ రోజుల్లో భాస్కర్ తన స్నేహితుడి టెంపోలో దింపుతున్నాడు. వదినను సీట్లోంచి దింపాలనుకున్న మనిషి, వదిన సాంబారు గిన్నెలను చంటిపిల్లల్లా పట్టుకుని తీసుకెళ్ళడం నేను కళ్ళారా చూశాను.

బిగింపు అయ్యాక అదే పరీక్ష మళ్ళీ చేశాం. రేకులు, గ్రీజు, సుద్ద గీతలు, తువ్వాలు. ముడి ఈసారి కూడా అప్పయ్యమ్మే వేసింది. జాకీ దించాను. టైర్లు గీత మీదే నిలబడ్డాయి. వెంట్రుకవాసి కదిలాయేమో, అంతే.

"రోడ్డు మీద సూపించు" అంది ఆవిడ.

సుజాత స్టీరింగు దగ్గర కూర్చుంది. అప్పయ్యమ్మ ఎడమ సీట్లో, నేను వెనక ఖాళీ గిన్నెల మధ్య. మొదట నెమ్మదిగా కల్వర్టు దాటి వెనక్కి వచ్చాం. ఏమీ కాలేదు. "ఇప్పుడు రోజూ ఎల్లే స్పీడులో" అన్నాను. సుజాత వేళ్ళు స్టీరింగు మీద తెల్లబడి ఉన్నాయి. "అంత గట్టిగా పట్టుకుంటే బండి లాగిందో, నువ్వు లాగినావో ఎలాగ తెలుస్తాది? వదులుగా పట్టు."

కల్వర్టు దగ్గరపడుతుంటే అప్పయ్యమ్మ ఒక చేత్తో ముందు కడ్డీ పట్టుకుని, రెండో చెయ్యి కోడలి భుజం మీద వేసి, "అమ్మా, పట్టుకో!" అని అరిచింది. అది ఎవరి మాటో మాకు ముగ్గురికీ తెలుసు. ముందు చక్రాలు గతుకు ఎక్కాయి. మూతి అణిగింది. వెనక గిన్నెలన్నీ మోగాయి. జీపు తిన్నగా, గీత గీసినట్టు, ముందుకు పోయింది.

"ఆపు" అంది అప్పయ్యమ్మ కొంత దూరం వెళ్ళాక. దిగి, వెనక్కి నడిచి, సిందూరం రాయి పక్కన కల్వర్టు గోడ మీద కూర్చుని ఏడ్చింది. కొడుకు పోయినప్పుడు కూడా అలా ఏడవలేదని సుజాత తర్వాత చెప్పింది. ఇంకా ఇక్కడెక్కడో ఉన్నాడన్న ఆశ ఏడవనివ్వలేదట. సుజాత వెళ్ళి పక్కన కూర్చుని అత్తగారి తల తన భుజానికి ఆనించుకుంది. నేను బండి దగ్గరే నిలబడ్డాను. అక్కడ నాకు పని లేదు.

తిరిగి వస్తున్నప్పుడు ఆవిడే అంది. "ఇక్కడికి అగరొత్తి అట్టుకు రాను ఇంక. అయినా తమ్ముడూ, పొద్దున్నే లేసి ఆడి కోసం ఏదో ఒకటి సెయ్యకపోతే నాకు రోజు గడవదు. ఏటి సెయ్యమంటావు?"

ఇలాంటి ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండటం అరుదు. ఆ రోజు ఉంది. షెడ్డుకు వచ్చాక ఆవిడను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను. "బండి బయల్దేరే ముందు రోజూ నువ్వు స్టీరింగుని ఇలగ కొంచెం అటూ కొంచెం ఇటూ ఆడించు. సుజాత కిందన ఒక్కో కీలు మీద అరిచెయ్యి పెట్టి ఉంచుతాది. కీలు అరిగితే అరిచేతికి టిక్కుమని తగులుతాది. ఒకళ్ళు సేస్తే కుదరదు, ఇద్దరు ఉండాల." డ్రై స్టీర్ చెక్ అంటారు దీన్ని. పెద్ద పెద్ద వర్క్‌షాపుల్లో కూడా బద్ధకించి చేయరు. ఆ అత్తాకోడళ్ళు ఇప్పటికీ ఒక్క రోజు మానలేదు.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వచ్చింది. రైల్వే వర్క్‌షాపు గేట్లు కుటుంబాల కోసం తెరుచుకునే రోజు. ఊళ్ళో స్పానరున్న ప్రతివాడూ పూజ చేస్తాడు. నేను ఆ రోజు పనిముట్లకు నూనె రాసుకుంటాను, అంతే. జీపు వచ్చి షెడ్డు ముందు ఆగింది. సుజాత నడుపుతోంది. అప్పయ్యమ్మ చేతిలో పులిహోర డబ్బా, సంచిలో నిమ్మకాయలు.

"వొద్దక్కా, నా షెడ్డు ముందర వొద్దు" అన్నాను. "నిమ్మకాయ పిండుకోడానికి, తొక్కించడానికి కాదు."

"స్టీరింగుకి అనుకుంటున్నావా? దానికి నువ్వున్నావు, నిమాయుడున్నాడు. ఇది బండికి కాదు."

"మరెవులికి?"

ఆవిడ వీధి వైపు చూపించింది. రిక్షాలు కడుక్కుంటున్నవాళ్ళు, మోటారు సైకిళ్ళకు దండలు వేస్తున్నవాళ్ళు, అరుగుల మీద ఆడవాళ్ళు, అందరూ ఇటే చూస్తున్నారు. పూజ రోజు బండిని మొదట కదిపేది ఇంటి మగవాడో, ముత్తయిదువో. వితంతువు ఆ దరిదాపుల్లో నిలబడకూడదు. అదీ ఆ వీధి శాస్త్రం.

"నువ్వు సెప్తే వీళ్ళు ఇంటారా? ఇరవై ఏళ్ళ నుంచి సెప్తున్నావు గదా, ఇన్నారా? వీళ్ళకి తెలిసిన బాసలో నాను సెప్తాను. సూడు."

నేను అప్పటికి ఎన్ని వ్యాసాలు రాశానో! నిమ్మకాయ మీద నా అభిప్రాయం ఈ రోజుకూ మారలేదు. కానీ ఆ రోజు నేను ఆవిడకు అడ్డం నిలబడలేదు. ఆ జీపు పని నాకు నేర్పిందంతా ఒక్క మాటలో చెప్పమంటే, కారణం తేల్చే ముందు, చూసినవాళ్ళు చూసింది వినమంటాను. నా షెడ్డుకు ఎవరు ఏ నమ్మకంతో వచ్చినా, "మీరేం చూశారు?" అని మొదట అడుగుతాను. ఎందుకు జరిగిందన్నది తర్వాత ఇద్దరం కలిసి తేల్చుకోవచ్చు. రీడింగ్ రూములో కూడా ఇప్పుడు అవతలివాడి వాక్యం పూర్తి కానిస్తున్నాను. చర్చలు పొడవయ్యాయి, చప్పట్లు తగ్గాయి. ఇద్దరు ముగ్గురు మాత్రం కొత్తగా రావడం మొదలుపెట్టారు. దీనికంతటికీ అప్పయ్యమ్మకు ఋణపడి ఉన్నాను.

ఆవిడ నాలుగు చక్రాల ముందూ నిమ్మకాయలు పెట్టింది. డ్రైవరు సీటెక్కి, వీధంతా చూస్తుండగా, కొడుకు కూర్చున్న చోట కూర్చుని, స్టీరింగును కొంచెం అటూ కొంచెం ఇటూ ఆడించింది. కింద సుజాత ఒక్కో కీలు మీదా అరిచెయ్యి పెట్టి చూసింది. "ఠీక్ హై అత్తా!" అని కేక వేసింది. అప్పుడు అప్పయ్యమ్మ ఎడమ సీటుకు జరిగి, డ్రైవరు సీటును కొంగుతో తుడిచి, కోడలితో "రా, కూకో" అంది.

నిమ్మకాయలు చిట్లాయి. రసం నా ప్యాంటు మీద పడింది. జీపు తిన్నగా పోయింది.